చుట్టరికం దారిన వచ్చిన కీర తెగులు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మీకు ముందుగా నేర్పేది సబ్సిడీ దరఖాస్తులు నింపడం. దాని గురించి నేనేమీ చెప్పబోవడం లేదు. అది నేర్పడానికి ఆఫీసులో చాలామంది ఉన్నారు. నాకు ఎక్కడికి బదిలీ అయింది, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది అన్నవి కూడా వదిలేస్తున్నాను. అవి మా ఇంట్లోవాళ్ళకే గుర్తులేవు. ఉద్యాన అధికారిగా అనకాపల్లి చుట్టుపక్కల కూరగాయ తోటల్లో తిరిగి తిరిగి రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి చెప్పదగినవి నా దగ్గర పెద్దగా లేవు. ఉన్నవాటిలో ముఖ్యమైనది కీర దోస నేర్పింది.

ఆకు తిప్పి చూడండి

మా వైపు పొలం అంటే చెరకు, వరి. చెరకుకి జబ్బు చేస్తే బెల్లం వ్యాపారుల దగ్గర్నుంచి నాయకుల దాకా అందరూ కదులుతారు. కీరకి జబ్బు చేస్తే రైతు మందుల కొట్టుకి వెళ్తాడు, అంతటితో సరి. కాబట్టి మునగపాక దాటాక ఒక ఊరి నుంచి కీర తోట చూడమని ఫోను వచ్చినప్పుడే నాకు అర్థమైంది, కొట్టువాడి వైద్యం అయిపోయిందని.

తోట సన్యాసమ్మది. భర్త లేడు. ఉన్న కాస్త పొలం చెక్కలో సరుగుడు కర్రలు పాతి, తీగలు పాకించి, ఏటా కీర వేస్తుంది. ఆకులన్నీ పసుపు మచ్చలు. కొట్టువాడు ఫోనులో ఫోటో చూసి బూజు తెగులు అన్నాడట. మందు ఒకటికి రెండుసార్లు కొట్టించాడు. మచ్చలు ఇంకా పెరిగాయి.

అతని తప్పు కూడా కాదు. పైనుంచి చూస్తే రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి. ఆకు తిప్పి చూడాలి. బూజు తెగులైతే అడుగున బూడిదరంగు నూగు కనిపిస్తుంది. ఇక్కడ నూగు లేదు. ఆకు ఈనెల మధ్య గళ్ళు గీసినట్టు తడిమచ్చలు, వాటిమీద పాలచుక్కల్లాంటి జిగురు. ఎండెక్కాక ఆ జిగురు తెల్లటి పొరలా ఎండిపోతుంది. మచ్చ రాలి ఆకు జల్లెడవుతుంది. ఇది బాక్టీరియా. బూజు మందులు దీన్ని ఏమీ చేయలేవు. రాగి మందు కొడితే కాస్త నెమ్మదిస్తుందే గాని, పట్టుకున్న మొక్కని బాగుచేసే మందు లేదు. ఈ మాట రైతుకి చెప్పడం మీకు కష్టంగా ఉంటుంది. అయినా చెప్పండి. పనికిరాని మందు రాసిచ్చి పరువు నిలబెట్టుకోవడం మన ఉద్యోగంలో అన్నిటికంటే తేలికైన పని, అందుకే చాలామంది అదే చేస్తారు.

ఇంకొక మాట. పొద్దున్నే వెళ్ళండి. టిఫిన్ చేసి, జీపు వచ్చి, మీరు తోటకి చేరేసరికి ఆ జిగురు ఎండిపోయి ఉంటుంది.

సన్యాసమ్మకి పుస్తకంలో ఉన్న సలహాయే చెప్పాను. "ఆకు తడారేదాకా తోటలోకి దిగొద్దమ్మా. తడిమీద కోత కోస్తే చేతులకి అంటిన జబ్బు మొక్క మొక్కకీ పాకుతుంది."

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఆకు తడారేతలికి బండెలిపోద్ది మేడంగోరూ. తరవాత ఈ కాయలు నేనూ మీరూ కూకుని తినాల."

కూరగాయల బండి తెల్లవారకముందే బయల్దేరుతుంది. బేరం ఉన్నది మంచు వేళలో. మన సలహా ఉన్నది ఎండ వేళలో. బండి వేళ మార్చలేని సలహాలు ఎన్ని ఇచ్చినా గాలికి పోతాయని ఆ రోజు తెలిసింది. సాయంత్రం కోసి, తడిగోనె కప్పి, పొద్దున బండెక్కించమని తర్వాత తర్వాత చెప్పడం నేర్చుకున్నాను. కొందరు విన్నారు కూడా.

ఎవరింటి విత్తనం

అదే కాలంలో నక్కపల్లి దగ్గర హైవే పక్కన నూకరాజు అనే రైతు తోటలో అవే మచ్చలు చూశాను. తర్వాత మాడుగుల వైపు ఒక చెక్కలో. మూడు చోట్లకీ ఒక కాలువ లేదు, ఒక గాలి లేదు, మందుల కొట్టు కూడా ఒకటి కాదు. మాడుగుల వైపు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ కీరే వేయలేదు. నారు దశలోనే మచ్చలు ఉన్నాయని అన్నిచోట్లా చెప్పారు. అంటే జబ్బు విత్తనంలోనే వచ్చింది.

"విత్తనం ఎక్కడిది?" అని నూకరాజుని అడిగాను.

"ఇంటి ఇత్తనమే."

"ఎవరింటిది?"

"మా అక్కదండి. మునగపాక అవతల ఉంటాది, సన్నేసమ్మ."

మాడుగుల వైపు రైతు భార్య పుట్టిల్లు సన్యాసమ్మ ఊరే. ఆమె పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా కాసిని గింజలు కొంగున కట్టుకుని వస్తుంది. ఎన్ని తోటలు వెతికినా దారులన్నీ సన్యాసమ్మ వంటింటికే చేరాయి. రోగం బస్సులెక్కి, చుట్టాలతో పాటు ప్రయాణం చేసింది. అప్పటినుంచి తోటలోకి దిగగానే ఏం మందు కొట్టావని అడగడం మానేశాను. విత్తనం ఎవరిచ్చారు, వాళ్ళు మీకేమవుతారు అని అడగడం మొదలుపెట్టాను. మీరూ అలాగే అడగండి.

ఆ గింజలకి పేరుంది. కాయది పలుచని తోలు, తొడిమ దగ్గర కూడా చేదుండదు. సన్యాసమ్మకి తల్లి ఇచ్చింది. ఆ ఊళ్ళలో ఇంటి విత్తనం అమ్మరు. కావలసినవాళ్ళు గుమ్మంలోకి వచ్చి అడగాలి, కొంగో తువ్వాలో పట్టాలి. అడగకుండా ఇవ్వరు. ఇచ్చింది తిరిగి అడగరు. తిరిగి అడిగితే ఆ ఇంటితో పొత్తు తెగిపోయినట్టు. సన్యాసమ్మది మంచి చెయ్యి అని ఊరంతా నమ్మకం, అందుకని అందరూ ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. ఆమెకి ఆస్తి లేదు, మాట చెల్లే మగదిక్కు లేదు. ఊళ్ళో ఆమెకి ఉన్న గౌరవం అంతా ఆ గింజలదే.

వంటింట్లో ఎండిన ఆనపకాయ బుర్రలోంచి గింజలు తీసి చూపించింది. చూడ్డానికి శుభ్రంగా ఉన్నాయి. అన్నీ అలాగే ఉంటాయి.

"గింజకి ఏ కాయ ఉంచుతావు?" అని అడిగాను.

"సంతకెల్లని కాయ. మచ్చ పడిందో, వంకరదో తీగమీదే ఒగ్గీత్తాను. మంచికాయ గింజకుంచీత్తే మేమేటి తినాల?"

నూకరాజునీ, మాడుగుల వాళ్ళనీ కూడా అడిగాను. అందరూ అంతే. అందులో పిసినారితనం లేదు, అమ్ముడుపోని కాయని పారేయకుండా వాడుకునే పొదుపు. కానీ కాయమీద ఆ మచ్చ బాక్టీరియా మచ్చ. అది లోపలికి దిగి గింజకి పడుతుంది. ప్రతి కోతలోనూ ఆరోగ్యమైన కాయ సంతకి పోయింది, జబ్బు కాయ విత్తనమైంది. ఏళ్ళ తరబడి ఎంతో జాగ్రత్తగా ఏరి ఏరి తెగులునే సాగు చేశారు.

అనుమానం తీర్చుకోవడానికి గింజలు తెచ్చి తడి ఇసుకలో వేసి ప్లాస్టిక్ కాగితం కప్పాను. మొలకల మొదటి ఆకుల మీదే తడిమచ్చలు వచ్చాయి.

మైకు

అప్పటి నా పై అధికారి చెడ్డవాడు కాదు. పని త్వరగా తేలిపోవాలి ఆయనకి, అంతే. నేను వివరం చెప్పిన వెంటనే ఊళ్ళో మీటింగు పెట్టించాడు. సన్యాసమ్మతో ముందు విడిగా మాట్లాడతానన్నాను. "రోగానికి మొహమాటమేంటమ్మా" అన్నాడు.

మైకు పట్టుకుని, ఈ తెగులంతా సన్యాసమ్మ గారి విత్తనం వల్ల వచ్చిందని, ఆమె దగ్గర తీసుకున్నవాళ్ళందరూ మిగిలిన గింజలు తెచ్చి అప్పగించాలని చెప్పాడు. ఆమె ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది. తల పైకెత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత అప్పన్న అని ఆమెకి బావ వరసాయన లేచాడు.

"మేమెవులం ఆయమ్మకాడ ఇత్తనం తీసుకోనేదు బాబూ. అనకాపిల్లి కొట్లో కొనుక్కున్నాం."

"నేనూ కొట్లోనే" అన్నాడు ఇంకొకాయన. అందరిదీ అదే మాట. అప్పన్న ఇంట్లో చూరుకి వేలాడుతున్న మూటని నేను స్వయంగా చూశాను. ఆయనకీ ఆ సంగతి తెలుసు. నా కళ్ళలోకి చూస్తూనే చెప్పాడు.

ఒక్క గింజ కూడా రాలేదు. రైతులు సహకరించడం లేదని మా అధికారి రాసుకున్నాడు. వాళ్ళు మాత్రం సహకరించారు, సన్యాసమ్మకి. ఒక ఆడమనిషి పరువు పోకుండా ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. ముచ్చటైన సంగతే. అయితే వాళ్ళు దాచిన గింజలు మళ్ళీ పంటకి నేలలో పడితే అన్ని తోటలూ పోతాయి. మా అధికారి చెప్పినదాంట్లో శాస్త్రం పొల్లుపోలేదు, ఫలితం మాత్రం సున్నా. నిజాన్ని ఎవరికి ముందు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి అన్నది కూడా మన పనిలో భాగమే. దీనికి ట్రైనింగు క్లాసు ఉండదు.

ఊరు ఆమె పరువు కాపాడింది గాని, తమ్ముడు కాపాడలేదు. నూకరాజు తన చెక్కంతా కీరే వేశాడు, అంతా పోయింది. మీటింగు కబురు విని అక్కకి ఫోను చేసి, "అమ్మ ఇత్తనాన్ని పాడుసేసీసేవు" అని పెట్టేశాడు. తర్వాత ఫోను ఎత్తలేదు.

అడగకూడనిది

తర్వాత ఒకనాడు నేనొక్కదాన్నే వెళ్ళాను. సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. కూర్చోమని కూడా అనలేదు. నేనే కూర్చున్నాను.

"నీ చేతిది కాదమ్మా తప్పు. మచ్చకాయ విత్తనానికి ఉంచడం వల్ల వచ్చింది. అందరూ అదే చేస్తున్నారు" అన్నాను. మచ్చ కాయలోంచి గింజకి ఎలా వెళ్తుందో, గింజలోంచి మొలకకి ఎలా వస్తుందో మొదటినుంచీ చెప్పాను. శ్రద్ధగానే విన్నది.

"నాకాడున్నవి తగలెట్టీత్తే సరిపోద్దా?"

"సరిపోదు. నీ దగ్గర తీసుకున్నవాళ్ళందరివీ పోవాలి."

"ఆళ్ళు తియ్యరు. నా కోసరమని దాసీసేరు."

"తెలుసు."

చింతపండు తీయడం ఆపింది. "అయితే నేనే అడగాల" అంది.

ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలుసు. ఇచ్చిన విత్తనం తిరిగి అడగడమంటే ప్రతి గుమ్మంలోనూ పొత్తు తెంపుకోవడమే. వద్దనలేదు నేను. అనే హక్కు నాకు లేదు. నా ఉద్యోగం ఆ గింజలు పోవాలనే కోరుకుంటోంది.

మొదట అప్పన్న ఇంటికి వెళ్ళింది. వెనకాలే నేను. "బావా, నేనిచ్చిన కీర గింజలు నాకిచ్చీ" అంది.

ఆయన నిర్ఘాంతపోయాడు. "ఏటే ఆ మాట? పొత్తు ఒగ్గీత్తావేటి?"

"నీ తోట పోకండా ఉండాలనే అడుగుతన్నాను. ఇచ్చీ."

ఆయన చూరులోంచి మూట విప్పి ఆమె కొంగులో పోశాడు. నావైపు మాత్రం చూడలేదు. మైకుకి రాని గింజలు ఆ పూట ఇంటింటి నుంచీ వచ్చాయి. ఒక ఇంట్లో ముసలమ్మ ఏడ్చింది. ఇంకో ఇంట్లో మొహం మీద తలుపేశారు, తర్వాత కిటికీలోంచి ఇచ్చారు. మాడుగులకి కబురు పెడితే అక్కడివి బస్సులో వచ్చాయి. సన్యాసమ్మ ఏడవలేదు గాని, ప్రతి గుమ్మం దగ్గరా గొంతు ఇంకాస్త సన్నబడింది.

మిగిలింది తమ్ముడి ఇల్లు. మాడుగులవి అందాక ఆటోలో నక్కపల్లి వెళ్ళాం. నూకరాజు అరుగు మీద ఉన్నాడు. అక్కని చూసి లేచాడు గాని, రమ్మనలేదు.

"నేనిచ్చిన గింజలు..." అని ఆమె ఇంకా అంటుండగానే, "తోట పోయిన్నాడే పారబోసీసేను" అన్నాడు.

అతని భార్య లోపలికి వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చింది. "మళ్ళీ ఎయ్యాలనే ఉంచేడు వదినా" అంది.

నూకరాజు భార్యని కసిరినట్టు చూశాడు. తర్వాత అరుగు మీద కూలబడ్డాడు. "అమ్మది కదా" అన్నాడు.

ఆ విత్తనం వల్లే అతని తోటంతా పోయింది. అక్కతో మాటలు మానేశాడు. అయినా మళ్ళీ అవే వేయడానికి దాచుకున్నాడు. రైతుకి విషయం అర్థమైతే చాలు, సలహా పాటిస్తాడని మన క్లాసుల్లో చెప్తారు. నూకరాజుకి అంతా అర్థమైంది. అయినా దాచాడు.

"అంతా కాల్సీత్తే మరి అమ్మది ఏటి మిగుల్తాది?" అన్నాడు. అడిగింది అక్కని. అక్క నావైపు చూసింది.

"ఒక గుప్పెడు నాకివ్వండి. వేడినీళ్ళలో శుద్ధి చేసి చూస్తాను. బతుకుతాయని మాత్రం మాటివ్వలేను" అన్నాను. సన్యాసమ్మ మూటలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. మిగతావి కొంగున కట్టుకుంది. మరదలు అన్నం తినమంటే వద్దని, నిలబడ్డ చోటునుంచే ఆటో ఎక్కేసింది.

ఆ సాయంత్రం తన పెరట్లో పొయ్యి రాజేసి, ఊళ్ళవారి గింజలూ తమ్ముడి గింజలూ తనవీ అన్నీ అందులో పోసింది. చిటపటలాడాయి. నేను ఎన్నో తోటలు దున్నించేశాను, ఎన్నో నారుమళ్ళు తగలబెట్టించాను. ఆ రోజు పడినంత బాధ ఎప్పుడూ పడలేదు.

వేడినీళ్ళు

గుప్పెడు గింజలు పరీక్షకి ఉంచానని మా అధికారికి చెప్పాను. ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా సరే అన్నాడు. అది ఆయనలో మంచి గుణం.

వేడినీళ్ళ శుద్ధి చెప్పినంత సులువు కాదు. నీళ్ళు కాస్త చల్లబడితే రోగం చావదు, కాస్త మించితే గింజ చస్తుంది. థర్మామీటరు పక్కనుంచి కదలకూడదు. చాలా గింజలు మొలవలేదు. మొలిచినవాటిలో మచ్చ కనిపించిన ప్రతి మొక్కనీ ఇసుకతో సహా తీసేశాను. మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

వాటిని నాటడానికి సన్యాసమ్మ చెక్క పనికిరాదు. కుళ్ళిన ఆకుల్లో జబ్బు ఇంకా ఉంటుంది. ఆమెకి వేరే నేల లేదు. నూకరాజుకి చెరకు కొట్టేసిన వేరే మడి ఒకటుంది, అందులో ఎప్పుడూ కీర వేయలేదు. అక్కడ నాటాం. ఆకు తడారాకే దిగాలన్నాను, తడారాకే దిగాడు. మొదటి కోతలో నిగనిగలాడే కాయలన్నీ గింజకే ఉంచమన్నాను. దానికి గింజుకున్నాడు, అయినా ఉంచాడు. దారిన పోయేవాళ్ళు, "కాయ ముదిరిపోతంది, సంతకెల్లవేటి మామా?" అని అడిగితే, "అవి మేడంగోరివి" అని నామీదికి తోసేసేవాడు. దాంతో నాకు నక్కపల్లిలో కీరతోట ఉందని పుకారు పుట్టింది.

ఇంటి విత్తనాలే ప్రమాదమని దీన్నిబట్టి అనుకోకండి. రంగు బొమ్మల ప్యాకెట్లలో వచ్చిన విత్తనాల్లోనూ ఇదే తెగులు చూశాను. ఇసుకలో వేసి చూసేదాకా ఏ విత్తనాన్నీ నమ్మవద్దు, ఎవరి పేరు చూసీ నమ్మవద్దు.

గుమ్మంలో

కొత్త గింజలు ఎండాక మళ్ళీ ఇసుకలో వేశాను. మొలకలు శుభ్రంగా వచ్చాయి. "ఇక మీ అక్కకి పంపించు" అన్నాను నూకరాజుతో.

"అడక్కండా ఎలగిత్తాను? అడిగినోలికే ఇత్తారు."

సన్యాసమ్మకి చెప్పాను. "నా పుట్టుకలో ఒకలి ఇత్తనం అడగనేదు మేడంగోరూ. ఇచ్చీదాన్నే" అంది. ఇద్దరిలో ఎవరికి చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది. విత్తు వేళ దాటిపోతోంది. విత్తనం బాగుపడింది గాని, ఈ అక్కాతమ్ముళ్ళని బాగుచేసే మందు నా దగ్గర లేదు.

ఒకరోజు పొద్దున్న ఆ మడి దగ్గరికి వెళ్ళొచ్చి నూకరాజు అరుగు మీద కాఫీ తాగుతున్నాను. సన్యాసమ్మ హైవే మీద బస్సు దిగి నడిచి వచ్చింది. నన్ను చూసి కూడా పలకరించలేదు. గుమ్మం దగ్గర ఆగింది. నూకరాజు లేచి నిలబడ్డాడు.

"కాసిన్ని కీర గింజలెట్టరా" అని కొంగు పట్టింది.

అతను లోపలికి వెళ్ళి మూట తెచ్చి మొత్తం ఆమె కొంగులో కుమ్మరించాడు. ఒక్క గింజ ఉంచుకోలేదు. కళ్ళు తుడుచుకోవడానికి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సన్యాసమ్మ అరుగు మీద కూర్చుంది. కొంగు పరిచి, గింజల్ని వేళ్ళతో రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప తమ్ముడి తువ్వాల్లోకి తోసింది.

"మొత్తం నాకెందుకురా? అడిగినోలికి నువ్వూ ఎట్టు. ఇక నుంచి మంచైనా సెడ్డైనా మనిద్దరి పేరూ సెప్పాల."

మరదలు కంచం పెట్టింది. తోట పోయిన నాటినుంచి సన్యాసమ్మ ఆ ఇంట్లో అన్నానికి చెయ్యి కడగలేదు. ఆ రోజు కడిగింది.